శ్రుతిపెట్టెకు తొమ్మిది వోల్టులు

అనగనగా బంగారూ, గోదావరి రెండు పాయలుగా చీలిన చోట, ఒక లంక ఊళ్ళో పేరయ్య దాసుగారని ఒక హరికథకులు ఉండేవారు. ఆయన మనవరాలి పేరు ఇందుమతి. తాతగారు చిడతలు పట్టి నిలిస్తే లంకంతా తరలివచ్చేది. మనవరాలికేమో చిన్నచిన్న సర్క్యూట్లు అతికించడం సరదా.

ఆ ఏడు వరద వచ్చి కరెంటు స్తంభాలను పడగొట్టింది. వరద తీసింది గాని కరెంటు రాలేదు. ఆ సాయంకాలమే సుందరకాండ హరికథ. కరెంటు లేనిదే దాసుగారి శ్రుతిపెట్టె పలకదు. ఆ శ్రుతి ఆసరా లేనిదే వయసు మళ్ళిన ఆయన కంఠం నిలవదు.

"ఈ పూట శ్రుతి తప్పానంటే గజ్జెలు విప్పేస్తానే అమ్మడూ. మళ్ళీ కట్టను," అన్నారాయన.

తాతగారు ఆడిన మాట తప్పేవారు కారు మరి.

అప్పుడు పడవ నడిపే పోలయ్య తన ఇంజను బ్యాటరీ మోసుకొచ్చి అరుగు మీద దించాడు. "ఇదిగో అమ్మా, పన్నెండు వోల్టులు. పడవనే లేపుతుంది, పాటను లేపదా?"

"పెట్టెకు తొమ్మిదే కావాలి మావా. పన్నెండూ ఇస్తే మాడిపోతుంది."

"అయితే మిగిలిన మూడూ నాకిచ్చెయ్యి, చుట్ట ముట్టించుకుంటాను!"

ఇందుమతికి నవ్వు రాలేదు. పెట్టె ఒక్కటే, మాడితే మరొకటి లేదు. అందుకని పెట్టెను దూరంగా ఉంచి, దాని స్థానంలో ఒక చిన్న బల్బును పెట్టి పరీక్షించదలచింది. తన రేకుడబ్బా చాపమీద బోర్లించి, భాగాలు ఏరసాగింది.

మొదట రెండు రెసిస్టర్లను ఏరింది. అవి వోల్టులను తమలో తాము పంచుకుంటాయి. మీటరు తొమ్మిది చూపింది. ఆశగా బల్బు తగిలిస్తే, ఆ తొమ్మిదీ జారి జారి రెండుకు దిగింది. బరువు మీద పడనంతసేపే వాటి నిబ్బరం.

ఆ తర్వాత వడ్లగింజంత జెనర్ డయోడును ఏరింది. అది తొమ్మిది దగ్గర గీత గీసి నిలబెడుతుంది. నిలబెట్టింది కూడా. కానీ బల్బు తీసిన క్షణాన, ఆ భారమంతా తానే మోయబోయి, పొగలు కక్కి మాడిపోయింది. అటు పొద్దు వాలుతోంది.

ఆ తర్వాత మూడుకాళ్ళ రెగ్యులేటరును ఏరింది. అది ఒక కాలితో పన్నెండు పుచ్చుకొని, మరో కాలితో తొమ్మిదే ఇస్తుంది. నడిమి కాలు రెండింటికీ ఉమ్మడి. ఎక్కువైన మూడింటినీ వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. ఆ వేడి పోయేందుకు దాని వీపున అల్యూమినియం రేకు బిగించింది. ఒడుదొడుకులు అణచడానికి ఇరుపక్కలా కెపాసిటర్లు కావాలి. ముందు పది వోల్టులకు తట్టుకునేది చేతికొచ్చింది. పన్నెండు సోకితే అది పగలదూ? దాన్ని పక్కకు నెట్టి, ఇరవై అయిదు వోల్టులు తట్టుకునేవి పెట్టింది. బల్బు వెలిగించింది, ఆర్పింది. తొమ్మిది తొమ్మిదిగానే నిలిచింది. ఇక బల్బు తీసి పెట్టెకు తగిలిస్తే, శ్రుతి పలికింది.

అప్పుడామె బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. అంతలో దాసుగారు వచ్చి ఆ రెగ్యులేటరును చూశారు. కొత్త వాద్యం వస్తే పట్టుగుడ్డ చుట్టి పూజించడం వారింటి ఆచారం. "శ్రుతికి ప్రాణం పోసే వస్తువు, బోసిగా ఉండవచ్చునా?" అనుకొని, భక్తితో రేకుతో సహా మడతలు మడతలుగా పట్టుగుడ్డ చుట్టి, పెట్టె వెనుక ఉంచారు. ఇందుమతి అది చూడనే లేదు.

కథ మొదలైంది. హనుమంతుడు సముద్రం దాటాడు. లంకిణిని గెలిచాడు. అశోకవనంలో శింశుపావృక్షం కింద సీతమ్మను చూశాడు. సరిగ్గా అప్పుడు శ్రుతి ఆగిపోయింది.

భయపడకు బంగారూ, విను.

ఇందుమతి పెట్టె వెనుకకు పరుగెత్తింది. పట్టుగుడ్డ పెనంలా కాలుతోంది. గబగబా విప్పేసి, విసనకర్ర తీసుకొని విసరసాగింది. మితిమీరి వేడెక్కితే తనను తానే ఆపుకొని, చల్లారాక మేల్కొనే గుణం ఆ రెగ్యులేటరుకు ఉంది. మరి మేల్కొంటుందా? మాడిపోయిందా? దాసుగారు ఆసరా లేకుండానే పాడుతున్నారు. ఆమె విసురుతూనే ఉంది.

మెల్లగా శ్రుతి లేచింది. లేచి, దాసుగారి కంఠం వెంట్రుకవాసి కిందికి జారిందని చాటింది.

ఆయనా విన్నారు. పాట ఆపి, వంగి, కాలి గజ్జెల ముడి మీద చెయ్యి వేశారు.

"దాసుగారూ!" అని జనం వెనుకనుంచి పోలయ్య కేక వేశాడు. "సీతమ్మ తల్లి ఇంకా చెట్టుకిందే ఏడుస్తా ఉందండీ! ఆవిణ్ణక్కడ వదిలేసి మీరు గజ్జెలు విప్పుకుంటారేంటండీ?"

దాసుగారి చెయ్యి ఆగింది. "నా పంతం కన్నా ఆ తల్లి కన్నీరు పెద్దదిరా పోలయ్యా," అన్నారు. అని, నిటారుగా లేచి, శ్రుతిలో గొంతు కలిపి, హనుమంతుడి చేత ఉంగరం ఇప్పించారు.

మంగళం పాడాకనే గజ్జెలు విప్పారు. వాటిని ఇందుమతి చేతికిచ్చి, "జాగ్రత్త చెయ్యవే అమ్మడూ, ఎల్లుండి మళ్ళీ కావాలి," అన్నారు.

కథ కదిలె కంచికి,
మనమేమొ ఇంటికి,
శ్రుతి చేరె పాటకు,
నిదుర నీ కంటికి.