కొండకు అడ్డం

ఒక పల్లపు నేల. అక్కడ గడ్డివామును మించి ఎత్తయినది ఏదీ లేదు. ఆ నేల మీద ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక ఫోటోలాయన. ఆయన స్టూడియోలో గోడంతా ఒక తెర, తెర మీద ఒక మంచుకొండ. కొండ మొహం ఎరగని మనిషి, వచ్చేపోయేవాళ్లని అడిగి అడిగి తనే గీసుకున్నాడు.

ఆ కొండంటే ఆయనకు ప్రాణం. ఫోటోకి వచ్చినవాళ్లెవరూ దాని ముందు నిలబడకూడదు. "కొండకు అడ్డం, కాస్త పక్కకు జరగండి" అనేవాడు. జరిగేవాళ్లు. ఇంకాస్త అనేవాడు. పాపం, ఇంకాస్త జరిగేవాళ్లు. అందుకే ఆ ఊళ్లో ఏ ఇంట పెళ్లి ఫోటో చూసినా నడిమధ్య కొండ దర్జాగా ఉంటుంది, ఈ కొసన పెళ్లికొడుకు చెవి, ఆ కొసన పెళ్లికూతురి భుజం ఉంటాయి. జనం నవ్వుకునేవాళ్లు. అయినా ఊరికి ఉన్నది ఒక్కటే స్టూడియో, ఏం చేస్తారు మరి! ఆయన సొంత పెళ్లి ఫోటోలోనూ అంతే, భార్య సగమే పడింది. ఆవిడ దానికి అద్దం కట్టించి గోడకు తగిలించుకుంది. 

ఎప్పటికైనా అసలు కొండను, కెమెరాలో ఫోటోకి ఒకటి చొప్పున పెట్టే గాజుపలక మీదికి ఎక్కించాలి, అదీ ఆయన కోరిక. దూరపు కొండలు నునుపు నాయనా అని ఎవరైనా దెప్పితే, నునుపో గరుకో ఫోటో తెచ్చి చూపిస్తాలే అనేవాడు. ఒక వేసవిలో కెమెరా భుజానికెత్తుకుని, గాజుపలకల పెట్టె చంకన పెట్టుకుని బయలుదేరాడు. చింతపండు పులిహోర మూటకట్టి ఇస్తూ, నేనూ రానా అని భార్య మెల్లగా అడిగింది. నేను వెళ్లేది కొండ కోసం, నువ్వెందుకు అన్నాడు. తప్పుగా అనలేదు, నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

మొదటి కొండ కనబడగానే ఇదే అనుకుని ఒక పలక ఖర్చుపెట్టేశాడు. అది ఎక్కి చూస్తే దాని వెనక ఇంకా పెద్దది. అయ్యో, ఇదన్నమాట అసలుది అని మరో పలక. ఆశకు అంతెక్కడ? పైకి వెళ్లేకొద్దీ వెనక మరొకటి తల ఎత్తుతూనే ఉంది. చివరికి దారి కొసన, చలిగాలిలో, ఒక టీకొట్టు దగ్గరికి చేరేసరికి పెట్టెలో ఒక్క పలక మిగిలింది.

అన్నిటికన్నా పెద్ద కొండ ఆ టీకొట్టుకు ఎదురుగానే ఉందట. మబ్బు కమ్మేసి ఏమీ కనబడలేదు. ఆయన మబ్బుకేసి చూస్తూ కూర్చున్నాడు. రోజులు గడిచాయి, టీలు చల్లారాయి, మబ్బు మాత్రం కదల్లేదు.

టీకొట్టు నడిపేది ఒక తల్లి. ఆవిడకొక కూతురు. ఆ పిల్లను కొండకు అవతలి ఊరికి ఇచ్చారు, ఇక కాపురానికి పంపాలి. మంచు పడితే దారి మూసుకుపోతుంది. అవతలికి వెళ్లిన ఆడపిల్ల మొహం మళ్లీ ఎప్పటికి చూస్తారో ఎవరికీ తెలియదు. తామిద్దరినీ కలిపి ఒక్క ఫోటో తీయమని ఆ తల్లి అడిగింది. ఉన్నది ఒక్క పలకమ్మా, అది కొండకి అన్నాడాయన. ఆవిడ సరేనని ఇంకో టీ పోసింది.

కూతురు వెళ్లే రోజు వచ్చింది. మూట భుజాన వేసుకుని గడప దాటింది. తల్లి చెయ్యి పట్టుకుని దారి మలుపు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మబ్బు విడిపోయింది.

కొండ! తెర మీది కొండ దాని ముందు ఏపాటి! ఆయనకు కళ్లవెంట నీళ్లొచ్చాయి. పరుగున కెమెరా నిలబెట్టి నల్లగుడ్డ కిందికి దూరాడు. ఎదురుగా తల్లీకూతుళ్లు.

"కొండకు అడ్డం. పక్కకు జరగండమ్మా."

తల్లి ఇటు జరిగింది, కూతురు అటు జరిగింది.

"ఇంకాస్త."

పట్టుకున్న చేతులు వదిలి ఇంకాస్త జరిగారు. ఇప్పుడు కొండ మొత్తం కెమెరా అద్దంలో పడింది. ఈ కొసన తల్లి చెవి, ఆ కొసన కూతురి భుజం, మధ్యలో కొండ.

ఆయన మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. ఒక అంచునుంచి మబ్బు మళ్లీ పాకి వస్తోంది. నల్లగుడ్డ తీసి తల బయటపెట్టాడు.

"మధ్యకు రండి. ఇద్దరూ, దగ్గరగా."

వాళ్లు వచ్చి ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. రెండు తలల వెనక శిఖరం దాగిపోయింది. ఆయన మీట నొక్కాడు. తల ఎత్తేసరికి కొండ లేదు, మబ్బే ఉంది. కొట్టు వెనక చీకటి గదిలో ఆ పలకను కడిగి, ఆరబెట్టి, దాన్ని ఆ తల్లి చేతికే ఇచ్చేసి దిగివచ్చాడు.

ఇంటికి చేరగానే, కనబడిందా అని భార్య అడిగింది. కనబడింది అన్నాడు. మరి ఫోటో ఏదీ అంటే, స్టూడియో తలుపు తీసి, కొత్త పలక ఒకటి కెమెరాలో పెట్టి, వచ్చి నిలబడమన్నాడు.

ఆవిడ అలవాటు ప్రకారం తెర చివరికంటా వెళ్లి, భుజం మీద కొంగు సర్దుకుని నిలబడింది. ఆయన నల్లగుడ్డ కిందికి వంగాడు.

"మధ్యకు రా" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి తెరను చూసింది. "కొండకు అడ్డం కదండీ?" అంది.

 నల్లగుడ్డ ఉండుండి అదురుతోంది. ఆవిడ కాసేపు చూసి, ఒక్కో అడుగూ వేసుకుంటూ మధ్యకు వచ్చింది.