గుబురయ్య తొర్రలో ఉత్తరాలు

అనగనగా ఒక అడవిలో మద్దిచెట్ల పేట అని ఒక పేట ఉండేదర్రా. అక్కడ ప్రతి ఇంటి ముందూ ఉత్తరాల కోసం ఒక తొర్ర ఉండేది. పోస్టు కొంగ పొద్దున్నే వచ్చి అందులో ఉత్తరాలు వేసి పోయేది. అయితే ఆ పేటవాళ్లకో పిచ్చి. ఉత్తరం రాగానే తీసుకుంటే పనీపాటా లేనివాడని లెక్క. తొర్ర నిండి ఉత్తరాలు బయటికి వేలాడితే అంత గొప్ప!

అందరిలోకీ గొప్పవాడు గుబురయ్య అనే ఎలుగుబంటి. దారినపోయేవాళ్లు తన తొర్రను చూస్తున్నారో లేదో అని రోజుకు పదిసార్లు తొంగిచూసేవాడు. ఒక్క ఉత్తరం తీసి చదివిన పాపాన పోలేదు.

ఒకరోజు పక్కింటి కుందేలు చెవులమ్మ పరుగెత్తుకొచ్చింది. "అన్నా, చురకయ్య ముంగిస నీ ఉత్తరం లాక్కుపోయాడు. కావలి ఏనుగుతో చెప్పు" అంది.

"ఒకటి పోతే ఏం చెల్లీ, ఇంకా నలభై ఉన్నాయి" అని నవ్వాడు గుబురయ్య. ఆ ఉత్తరంలో అతని తండ్రి పేరు, పుట్టిన పొద అన్నీ ఉన్నాయి.

వారం తిరక్కుండా ఇంకొకటి పోయింది. అది పంజా ముద్ర ఉన్న గుర్తింపు చీటీ.

"ఇప్పుడైనా చెప్పన్నా" అంది చెవులమ్మ.

"ఎలుగుబంటిని ముంగిస దోచిందని పేటంతా నవ్వదూ? నా పరువేం కాను!" అన్నాడు.

మూడోది రాజుగారి ఉత్తరం. వానాకాలానికి గుబురయ్యకు కొండగుహ ఇచ్చామని అందులో ఉంది. అదీ పోయింది.

వానలు మొదలయ్యాయి. ఏటా వానాకాలానికి ఇచ్చే గుహ ఈసారి ఏదని గుబురయ్య రాజుగారి కచేరీకి వెళ్లాడు. అక్కడ గుమాస్తా తాబేలు తల బయటికి పెట్టి, "గుబురయ్య నిన్ననే గుహలో దిగాడుగా" అంది.

"నేనే గుబురయ్యని!"

"ఆయన తండ్రి పేరు చెప్పాడు, పంజా ముద్ర చూపించాడు, రాజుగారి ఉత్తరం ఇచ్చాడు. నీ దగ్గరేముంది?"

"వాడు జానెడు ముంగిస! నా ఒళ్లు చూడవయ్యా!"

"చిక్కిపోయావేమయ్యా అని అడిగాను. తేనె మానేశానన్నాడు. నేను కాగితం చూస్తాను గానీ ఒళ్లు చూస్తానా?"

మూడు రోజులు గుబురయ్య వానలో తడిసి ముద్దయ్యాడు. జలుబుతో ముక్కు చీదుతూ, ఏడుపొక్కటే తక్కువగా ఏనుగు దగ్గరకెళ్లి జరిగిందంతా చెప్పాడు.

ఏనుగు పేట మధ్యలో నిలబడి, "ఇంకెవరివైనా పోయాయా?" అని అడిగింది. అందరూ నేల చూపులు చూశారు. ముందు ముళ్లపంది, "నాదీ పోయింది" అని గొణిగింది. తర్వాత జింక. చివరికి చెవులమ్మ చెవులు వాల్చి, "నావి రెండు" అంది.

"మరి నన్ను చెప్పమన్నావే!"

"ఎదుటివాళ్లకు చెప్పడం తేలికన్నా."

తాబేలును కూడా వెంటబెట్టుకుని అందరూ గుహకు వెళ్లారు. చురకయ్య పక్క కింద పేటవాళ్ల ఉత్తరాలన్నీ కట్టలుగా దొరికాయి. ఏనుగు వాడి కాలు పట్టి గుబురయ్య చీటీలోని పంజా ముద్ర మీద పెట్టించింది. ఆ కాలు ముద్రలో మూలకు కూడా చాల్లేదు.

తాబేలు కళ్లు చిట్లించి, "అయ్యో, పంజా కూడా చిక్కిపోయిందే!" అంది.

ఏనుగు ముంగిసను అడవి దాటించి, తాబేలుకు చీవాట్లు పెట్టింది. గుబురయ్యకు గుహ దక్కింది. ఇప్పుడతను కొంగ వాలకముందే చెయ్యి చాచి నిలబడుతున్నాడు.

నీతి: వచ్చిన ఉత్తరం వెంటనే తీసి దాచుకో, పోతే వెంటనే పోయి చెప్పు. సిగ్గుపడాల్సింది దొంగ, నువ్వు కాదు.