నల్లకవరులో డ్రమ్ము

ఆ పొద్దు మాల్యాద్రి ఫోను పెట్టేసినాక, దాన్ని చేతిలో అట్టనే పట్టుకోని చానాసేపు నిలబడిపోయాడు. అబద్ధం చెప్పలా. నిజమూ చెప్పలా. ఊరికే "సరేమ్మా" అన్నాడు, అంతే. 

సంగతేందంటే, మాల్యాద్రి జెరాక్సు మిషన్లు బాగుచేసే మనిషి. నెల్లూరులో ఏ ఆఫీసులో మిషను ముక్కినా మూలిగినా, సంచీ భుజానేసుకోని పోవాల్సిందే. ఇప్పుడేమో కొత్తరకం మిషన్లు దిగినాయి. వాటికి మెకానిక్కుతో పనిలా. అక్షరాలు అచ్చయ్యే నల్లపొడి అయిపోతే పొడి డబ్బా, రోలరు అరిగితే రోలరు, ఆఖరికి డ్రమ్ము కూడా ఆఫీసోళ్ళే తలుపు తీసి, పాతది లాగేసి, కొత్తది తోసేసుకోవచ్చు. యాడ పట్టుకోవాలో ఆడంతా పచ్చరంగు పిడి.

డ్రమ్మంటే మిషనుకి గుండెకాయ. మూరెడు పొడుగు, గుండ్రంగా, నెమలి మెడ రంగులో నిగనిగలాడతా ఉంటది. మనం పెట్టిన కాగితంలోని అక్షరం ముందు దాని మీద పడి, ఆనక తెల్లకాగితం మీదికి దిగతది.

షోరూము ఎనక సర్వీసు రూములో రోజూ ఆ మిషన్ల మీదే పంచాయితీ.

"ఇంక మనల్ని ఎవురు పిలుస్తారబ్బా? ఆఫీసులో ఆడపిల్లలు గోరింటాకు చేత్తోనే డ్రమ్ము మార్చేస్తారంట," అన్నాడు ఫిరోజు.

"మార్చనీరా. ఆ నల్లపొడి పీల్చే పని తప్పితే, తుమ్మినప్పుడు నల్లగా రాకుండా ఉంటది నాకు," అన్నాడు బాలకోటయ్య. అందర్లోకీ పెద్దోడు. "ఈ మిషన్ల ముందర మోకాళ్ళేసినన్ని సార్లు దేవుడి ముందర ఏసుంటే ఈపాటికి ప్రత్యక్షమయ్యుండేవాడు."

"నీకేం బాబాయ్, నీ పిల్లోళ్ళు స్థిరపడిపోయారు. మా సంగతి చెప్పు."

"చెప్పేదేముంది. ఓనరు చెప్పాడుగా, ముందుముందు ఇద్దరే చాలంట."

 ఫిరోజు నవ్వాడు. "నేనొకటి చెప్తా ఇనండి. ఆఫీసోళ్ళకి నేర్పించేటప్పుడు అన్నీ చెప్పబాకండి. ఒక్కటి మన దగ్గర ఉంచుకోవాల. వాళ్ళు చెడగొడతారు, మళ్ళా మనల్నే పిలుస్తారు."

ఆటకే అన్నాడు వాడు. ఆ మాట మాల్యాద్రి చెవిలో దూరి ఆడనే కాపురం పెట్టేసింది.

ఆ వారంలోనే ఆడపిల్లల కాలేజీ ఆఫీసులో కొత్త మిషను పెట్టాడు. దాన్ని చూసుకునేది సుభాషిణి. పర్మనెంటు ఉద్యోగం కాదు ఆ పిల్లది, ఏడాదికేడాది కాయితం రాసిచ్చి ఉంచుకుంటారు. మాల్యాద్రి తలుపు తియ్యటం చూపించాడు, పొడి డబ్బా చూపించాడు, డ్రమ్ము లాగటం, తొయ్యటం చూపించాడు. ఆ పిల్ల తలూపతా నేర్చుకునింది. ఒక్కటి మాత్రం చెప్పలా. కొత్త డ్రమ్ము నల్లకవరులో వస్తది. మిషను తలుపు తీసి, పాతది బయటికి లాగినాకే ఆ కవరు విప్పాల. ముందే విప్పి వెలుతుర్లో పెడితే డ్రమ్ము పాడైపోతది. పైకి ఏం కనపడదు, కాపీ తీస్తే మాత్రం అంతా నల్లమచ్చలు.

నెలలు గడిచినాయి. మొదటి డ్రమ్ము అరిగిపోయింది. ఆ పొద్దు సుభాషిణి ఫోను చేసింది.

"అన్నా, డ్రమ్ము మార్చమని మిషను అడగతా ఉంది. నువ్వు రావక్కర్లా, నేనే మార్చేస్తా! ప్రిన్సిపాలు మేడం కూడా చూస్తానంది, మధ్యాన్నం అన్నం తిన్నాక. అప్పటిదాకా కవరు విప్పేసి కిటికీ కాడ బల్ల మీద రెడీగా పెట్టుకుంటా. సరేనా అన్నా?"

"సరేమ్మా," అన్నాడు మాల్యాద్రి.

ఆనక బండి ఎక్కాడు. యాడికి పోవాలో ఏమీ అనుకోలా. ఆ రోజు ఎండా కాదు, మబ్బూ కాదు. పెన్న మీద నుంచి తెల్లటి ఆవిరి లేచి ఊరంతా పల్చటి గుడ్డ కప్పినట్టుంది. బండ్లు పోతా ఉండాయి, హారన్లు కొడతా ఉండాయి, అవన్నీ ఎక్కడో నీళ్ళ అడుగున మోగతా ఉన్నట్టు వినపడతా ఉండాయి. బండి దానంతటదే కోటమిట్ట సందులో తిరిగి, ఉస్తాదు ఇంటి ముందర ఆగింది.

ఉస్తాదు కాలేషా. నెల్లూరులో జెరాక్సు మిషను ఇప్పటం నేర్చుకున్నోళ్ళందరికీ ఆయనే గురువు. మాల్యాద్రికి పని నేర్పింది ఆయనే, తిట్టకుండా, కొట్టకుండా. "డ్రమ్ము నిద్దర పోయే పసిబిడ్డరా. ఒక్కసారిగా వెలుతురు చూపించబాక," అని తన చొక్కా ఇప్పి కప్పేవాడు. అప్పటి మిషన్లలో గాజు కింద పచ్చవెలుతురు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచిపోయేది. మాల్యాద్రికి ఆ వెలుతురు కలలోకి కూడా వచ్చేది, మూసిన కళ్ళ మీద ఎవరో దీపం పట్టుకోని పోయినట్టు.

ఉస్తాదు భార్య ఖైరూన్ బీ పోయి ఎక్కువ కాలం కాలా. చానాళ్ళు మంచంలో ఉండి పోయింది. మట్టి చేసిన రోజు వచ్చిందే, మళ్ళా మాల్యాద్రి ఆ గడప తొక్కలా. ఏం మాట్లాడాలో తెలవక.

"రారా," అన్నాడు ఉస్తాదు. చాప మీద కూర్చోనుండాడు. ఇంట్లో ఆమె చెప్పులు ఇంకా తలుపు పక్కనే ఉండాయి. పెంకుల సందులోంచి వెలుతురు సన్నగా దిగతా ఉంది. దాంట్లో దుమ్ము తేలతా తేలతా, కిందికి దిగాలో వద్దో తెలవనట్టు ఉంది.

మాల్యాద్రి గోడకి ఆనుకోని కూర్చున్నాడు. ఆమె గురించి అడగాలనుకుని, మిషన్ల గురించి మొదలుపెట్టాడు. షోరూము సంగతి, ఓనరు మాట, ఫిరోజు మాట, అన్నీ చెప్పుకొచ్చాడు.

"ఆ పిల్లకి అంతా చూపించావా?" అన్నాడు ఉస్తాదు.

"చూపించినా. నల్లకవరు మాట ఒక్కటే చెప్పలా."

ఉస్తాదు తలుపు పక్కనున్న చెప్పుల వైపు చూశాడు.

"ఈ పొద్దు మారుస్తాదంట. తప్పంటావా ఉస్తాద్? ఇరవై ఏళ్ళు నేర్చుకున్న పని. అంతా వాళ్ళ చేతుల్లో పోసేసి నేనేం చెయ్యాల? మేమేం తినాల? నువ్వే చెప్పు."

"టీ తాగతావా?" అన్నాడు ఉస్తాదు.

లేచి లోపలికి పోయాడు. గిన్నె చప్పుడయింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. చానాసేపు ఏ చప్పుడూ లేదు. మాల్యాద్రికి కళ్ళు మూతపడినాయి. అంతలో వంటింట్లోంచి ఒక వాసన వచ్చింది.

ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

ఆ వాసన అతనికి తెలుసు. ఆ వీధి మొత్తానికి తెలుసు. ఖైరూన్ బీ టీ అది. అల్లం కాదు, యాలక్కాయ కాదు, ఇంకేందో. ఎంతమంది అడిగారో ఆమెని! ఇరుగుపొరుగు ఆడోళ్ళు అడిగారు, కోడళ్ళు అడిగారు, మాల్యాద్రి భార్య బతిమాలి బతిమాలి అడిగింది. "అదా? అది నా చేతిదమ్మా," అని నవ్వేదే గాని చెప్పింది లేదు. పొయ్యి ముందర ఎవురన్నా నిలబడితే కొంగు అడ్డం పెట్టేది.

ఉస్తాదు రెండు గ్లాసులు తెచ్చాడు. మాల్యాద్రి ఒక గుటక తాగాడు. ఆమె వాకిట్లోకి వచ్చి "ఏరా మాల్యాద్రీ, సన్నబడ్డావు" అన్నట్టే ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

"ఎవురు పెట్టారిది?"

"నేనే."

"నువ్వా? పొయ్యి కాడికి ఎప్పుడన్నా పోయావా నువ్వు?"

"పోలా." ఉస్తాదు గ్లాసులోకి చూస్తా ఉండాడు. "ఆమె మంచంలోనుంచి చెప్పింది. నేను పొయ్యి కాడ. ఒకసారి పొంగించినా, ఒకసారి మాడబెట్టినా. ఊపిరి ఆడక ఆయాసపడతానే నవ్వింది నన్ను చూసి. మళ్ళా పెట్టమనింది. ఏమెయ్యాలో, ఎప్పుడెయ్యాలో, ఎంతసేపు మూత పెట్టాలో, ఏదీ దాచుకోలా."

"అంతమంది అడిగితే చెప్పలేదు గదా ఉస్తాద్."

"నేనూ అదే అడిగినా." వెలుతుర్లో దుమ్ము ఆయన భుజం మీద వాలింది. "'నువ్వు ఒక్కడివే ఈడ నిలబడి, ఏం చెయ్యాలో తెలవక దిక్కులు చూస్తా ఉంటే, నాకు ఆడ నిద్దర పడతదా' అనింది."

ఉస్తాదు టీ తాగాడు.

మాల్యాద్రికి కాలేజీ ఆఫీసు కనపడింది. కిటికీ కనపడింది. తెరిచిన మిషను ముందర, నల్లమచ్చల కాగితాలు చేతిలో పట్టుకోని, అందరి ముందరా దిక్కులు చూస్తా ఉన్న సుభాషిణి కనపడింది. పక్కన ప్రిన్సిపాలు.

గ్లాసు కింద పెట్టి ఫోను తీశాడు.

"సుభాషిణమ్మా, కవరు విప్పావా?"

"ఇప్పటిదాకా వేరే పనితోనే సరిపోయింది. ఇప్పుడే విప్పబోతా ఉండానన్నా, కత్తెర చేతిలో ఉంది."

"విప్పబాక! బల్ల మీద పెట్టెయ్. నేను చెప్పేది ఇను."

చెప్పాడు. ముందు మిషను తలుపు తియ్యమన్నాడు, పాతది లాగమన్నాడు, ఆనకే కవరు విప్పమన్నాడు. వెలుతురు తగలనియ్యబాక అన్నాడు. నిగనిగలాడే చోట వేలు పెట్టబాక, చివర్లు పట్టుకో అన్నాడు. టక్కుమని చప్పుడు వచ్చేదాకా తొయ్యాల, చప్పుడు రాకపోతే డ్రమ్ము సరిగ్గా కూర్చోనట్టే అన్నాడు. మూల ఉండే సన్నటి తీగని తుడిచే సంగతి చెప్పాడు, అది ఏ పుస్తకంలోనూ లేదు, ఇరవై ఏళ్ళలో అతను కనుక్కున్నది. చెప్పతా చెప్పతా ఉంటే ఇంకా గుర్తొచ్చినాయి. అవీ చెప్పాడు. అవతల ఆ పిల్ల "ఆఁ అన్నా, ఆఁ అన్నా" అంటా ఉంది.

అంతా అయినాక అడిగింది. "ఇంత ముఖ్యమైన సంగతి, మిషను పెట్టినప్పుడే చెప్పలేదేందన్నా?"

మాల్యాద్రి ఉస్తాదు వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకోనుండాడు.

"అప్పుడు నాకు తెలవదమ్మా," అన్నాడు. "ఇప్పుడే నేర్చుకున్నా."