గున్నయ్య గోడ, మసేనమ్మ గంప

అనగనగా అని మొదలెట్టే తాతలకి కూడా గుర్తులేనంత వెనకటి మాట. ఒక రేవు పట్నం. దాని అంచున, సముద్రం ఒడ్డునే, జాలరి గుడిసెల వీధి. ఆ వీధిలో చేపలమ్ముకుని బతికేది మసేనమ్మ.

పట్నంలో డబ్బున్నవాళ్ళకి ఉన్నట్టుండి సముద్రపు గాలి మీద మోజు పుట్టింది. షావుకారు గున్నయ్య వచ్చి గుడిసెలకీ నీళ్ళకీ మధ్య మేడ కట్టాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు.

ముందు, "ఎండుచేపల కంపు" అన్నారు.

"సముద్రం కావాల, సముద్రం వాసనొద్దా? ఏటి మనుషులో, నాయనా!" అని విసుక్కుంది మసేనమ్మ. విసుక్కుంటూనే చేపలు అవతల ఆరబెట్టుకుంది.

తర్వాత, "పడవలు అడ్డమొస్తున్నాయి, నీళ్ళు కనబడ్డం లేదు" అన్నారు.

"పడవ లేపోతే చేప కూరలోకి ఈదుకుంటూ వస్తాదేటి? ఏటి మనుషులో, నాయనా!" అంది. అని, పడవలు కూడా జరిపించింది.

మూడోసారి ఏమీ అనలేదు. ఒడ్డుకు పోయే సందుకి అడ్డంగా గున్నయ్య గోడ కట్టేశాడు.

ఇరుగుపొరుగు గుడిసెలమ్ముకుని కొండవాలుకి పోయారు. ఆమెనీ రమ్మన్నారు. "అక్కడ కెరటం చప్పుడుండదు. నాకు నిద్రట్టదు" అని కసిరింది. వాళ్ళు వెళ్ళాక కసరడానికి కూడా వీధిలో ఎవరూ మిగల్లేదు.

మర్నాడు గంప నెత్తినెట్టుకుని గున్నయ్య వీధిగుమ్మంలో దూరి, ఇల్లు దాటి, పెరటి తలుపులోంచి ఒడ్డుకి దిగింది. గచ్చంతా చేపనీళ్ళు కార్చుకుంటూ మళ్ళీ అలాగే వచ్చింది.

"ఏమే! ఇది నా ఇల్లు!" అరిచాడు గున్నయ్య.

"తెల్దేటి బాబూ? నా దారి మీదే గోడ కట్టినారు. మరి నానెటు పోవాల?"

ఇంకోరోజు ఆమె ఒడ్డున ఉండగా పెరటి తలుపుకి గడియ పెట్టించాడు. ఆమె తలుపు ముందే గంప దించి కూర్చుంది. ఎండ ముదిరింది. చేపల కంపూ ముదిరింది. ఇంటిల్లిపాదీ ముక్కులు మూసుకున్నారు. గడియ తీయక తప్పలేదు. అప్పట్నుంచి ఆమె బతికినన్నాళ్ళూ అదే దారి.

ఒకనాడు మసేనమ్మ పోయింది. ఒడ్డున ఇసకలో పాతిపెట్టడం వాళ్ళ ఆచారం. కొండవాలు నుంచి అయినవాళ్ళంతా దిగొచ్చారు. గున్నయ్య వీధిగుమ్మం దాటిన పాడె పెరటి తలుపులో పట్టలేదు.

"చచ్చి కూడా సాధిస్తోందిరా ఈ ముసల్ది!" అని తల పట్టుకున్నాడు గున్నయ్య. పాడెని మళ్ళీ వీధిలోకి తిప్పించాడు. గునపం తెప్పించి, సందులో కట్టిన గోడ మీద మొదటి పోటు తానే పొడిచాడు. పాడె పట్టేంత మేర గోడ కూలింది. మసేనమ్మ ఒడ్డుకి చేరింది.

"మళ్ళీ కట్టమంటారా బాబూ?" అని అడిగాడు తాపీమేస్త్రి.

"ఆవిడ మళ్ళీ వస్తే సమాధానం నువ్వు చెప్తావా?" అని కసిరాడు గున్నయ్య.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఎంతటివాడు ఇల్లు మొదలెట్టినా, పునాదికి ముగ్గు పోసేముందు మేస్త్రి ఆగి అడుగుతాడు:

"అయ్యా, మసేనమ్మకి ఎంత వదిలారు?"

జవాబు చెప్పేదాకా తాపీ పట్టడు.