చెరిపేసిన గెలాక్సీ

హైదరాబాదులోని ఒక ఖగోళ పరిశోధన సంస్థలో త్రిలోచనరావు అనే శాస్త్రవేత్త ఉండేవాడు. పనిలో దిట్టే గాని, తన పేరు పక్కన ఇంకొకరి పేరు కనిపిస్తే అతనికి అన్నంలో రాయి తగిలినట్టుండేది. పేరుకు మూడు కళ్లున్నాయన్న మాటే గాని, ఎదురుగా కూర్చున్న మనిషి కూడా ఆ కళ్లకు ఆనేది కాదు.

ఆ ఎదుటి మనిషి సుభాషిణి. పదకొండేళ్లుగా అదే గదిలో, అదే కిటికీ పక్కన కూర్చుని అతని పరిశోధనలకు కావలసిన లెక్కలన్నీ కట్టి పెట్టేది. ఆమెది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఆ ఏడాది సంస్థవాళ్లు కొత్త నియమం పెట్టారు. పరిశోధన పత్రం మీద పేరున్నవాళ్లను పర్మనెంటు చేస్తారు, లేనివాళ్లను మార్చి నెలాఖరున పంపించేస్తారు. పోయినవాళ్లకు నలభై అయిదేళ్లు నిండితే మళ్లీ తీసుకోరు. సుభాషిణికి అప్పటికే నలభై నాలుగు.

"ఈ గెలాక్సీ పత్రంలో నా పేరుంటే చాలు సార్, గట్టెక్కుతాను," అంది.

"దానికేం భాగ్యం సుభాషిణి గారూ, తప్పకుండా!" అన్నాడు త్రిలోచనరావు.

వాళ్లు చూస్తున్నది ఎక్కడో చాలా దూరాన ఉన్న గెలాక్సీని. అక్కడ ఏడాదికి ఎన్ని కొత్త నక్షత్రాలు పుడుతున్నాయో తేల్చాలి. అంత దూరానిది మామూలుగా కనబడదు. అదృష్టం కొద్దీ దానికీ మనకీ మధ్య ఇంకో పెద్ద గెలాక్సీ ఉంది. దాని బరువుకు వెనకనుంచి వచ్చే వెలుతురు వంగి, వెనకది పెద్దదిగా, విల్లులా సాగి కనిపిస్తుంది. తాతయ్య భూతద్దం పెట్టి పేపరు చదువుతాడే, అట్లాంటిదన్నమాట. అయితే అద్దంలో పెద్దగా కనిపించినంత మాత్రాన అక్షరం నిజంగా పెద్దదైపోదు కదా! అద్దం ఎన్నింతలు పెంచిందో తేల్చి, అంతకు భాగించాలి. ఆ లెక్కే సుభాషిణి పని.

ఈ పనిలో ఒక పద్ధతుంది. వెనకది బాగా కనబడాలంటే, మధ్యనున్న గెలాక్సీ వెలుతురును కంప్యూటరులో బొమ్మలోంచి చెరిపేస్తారు. త్రిలోచనరావుకు అదంటే మహా సరదా. "అడ్డొచ్చేదాన్ని తీసిపారేస్తే అసలుది బయటపడుతుంది," అనేవాడు.

"అది అడ్డం కాదు సార్. అది లేకపోతే మనకసలేమీ కనబడేది కాదు," అనేది సుభాషిణి. అతను వినిపించుకునేవాడు కాదు.

జనవరిలో లెక్క తేలింది. మధ్య గెలాక్సీ ఎనిమిదింతలు పెంచింది. ఆ లెక్కన అక్కడ ఏడాదికి అయిదు వందల సూర్యుళ్లు పుడుతున్నట్టు. మన పాలపుంతలో పుట్టేది ఏడాదికి ఒకటో రెండో! త్రిలోచనరావు ఎగిరి గంతేశాడు.

"తొందరపడకండి సార్," అంది సుభాషిణి. "చెరిపేసిన చోట మసకగా ఇంకేదో మిగిలింది. పెద్దదాని వెలుతురులో దాక్కున్న చిన్న గెలాక్సీ అనుకుంటాను. అదీ అద్దంలా పనిచేస్తుంటే, పెరిగింది ఎనిమిదింతలు కాదు, నలభై ఇంతలు కావచ్చు. అయిదు వారాలు ఆగండి. దాని దూరం తేలుస్తాను."

"అయిదు వారాలా! ఈలోగా ఇంకెవరో అచ్చేసుకుంటారు. అది ఉత్త మచ్చండీ. తుడిచేయండి."

"తుడిస్తే తప్పవుతుంది సార్."

అతను తనే తుడిచేశాడు. పత్రం పంపబోతూ పేర్ల దగ్గర కాసేపు ఆగాడు. ఒక్క పేరైతే చూడముచ్చటగా ఉంటుందనిపించింది. పైగా ఆగమని అడ్డం పడ్డ మనిషాయె! "లెక్కలు కట్టడం వేరు, పరిశోధన వేరు," అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సుభాషిణి పేరును చివరి పేజీలో, కృతజ్ఞతల కింద, కంప్యూటరు బాగుచేసినతని పేరు పక్కన పెట్టాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే మరి. ఈ మాట చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పత్రం అచ్చయిన రోజు సుభాషిణి మొదటి పేజీ చూసింది. చివరి పేజీ చూసింది. మార్చి ముప్పై ఒకటిన తన స్టీలు గ్లాసు, కుర్చీ మీది దిండు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అదే సాయంత్రం కింద హాల్లో త్రిలోచనరావుకు శాలువా కప్పారు.

ఆగస్టులో వేరే దేశపు శాస్త్రవేత్తల నుంచి ఉత్తరం వచ్చింది. మీరు తుడిచేసిన చోట చిన్న గెలాక్సీ ఉంది, పెరిగింది నలభై ఇంతలు, పుట్టేది అయిదు వందలు కాదు, వందే అని రాశారు. త్రిలోచనరావు పాత ఫైలు తెరిచాడు. బొమ్మ పక్కన సుభాషిణి చేతిరాత ఉంది: "ఇక్కడ ఇంకొకటి ఉంది. చెరపవద్దు." అప్పుడు గాని అతనికి సిగ్గు కలగలేదు. పదకొండేళ్లుగా తాను పెద్దవాడిగా కనిపించింది ఎవరి వల్లనో అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడే తెనాలి రైలెక్కాడు. సుభాషిణి అక్కడొక కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతోంది. స్టాఫ్ రూములో అతణ్ణి చూసి లేచి నిలబడింది.

"కూర్చోండి సార్. టీ చెప్పనా?"

"వద్దమ్మా. తప్పు చేశాను. ఈ దిద్దుబాటు ప్రకటన మీద మీ పేరే ముందు పెడతాను," అని కాయితం చాపాడు.

ఆమె చదివి, నెమ్మదిగా మడిచి ఇచ్చేసింది. "గొప్ప చెప్పుకున్న కాయితం మీద మీ ఒక్కరి పేరు. తప్పొప్పుకునే కాయితం మీద నా పేరూనా సార్?"

త్రిలోచనరావు తల వాలిపోయింది. "పోనీ, మళ్లీ రండి. డైరెక్టరు కాళ్లయినా పట్టుకుంటాను."

"జూన్‌లో నాకు నలభై అయిదు నిండాయి సార్. రూలు మీకు తెలియంది కాదు."

ఇంతలో గంట కొట్టారు. ఆమె పుస్తకం, సుద్దముక్క తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"సార్, ఆ చిన్నదాని దూరం తేలిందా?"

"తేలింది. పెద్దదాని పక్కనే ఉందట. అచ్చం మీరన్నట్టే."

ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. "చూశారా! నే చెప్పలేదూ!" అంది. మరుక్షణమే కళ్లు తుడుచుకుని క్లాసుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత త్రిలోచనరావు రాసిన ప్రతి పత్రంలోనూ పనిచేసిన అందరి పేర్లూ ఉండేవి. సుభాషిణి పేరు మాత్రం దేనిలోనూ లేదు. ఆమె అప్పటికే ఆ పనిలో లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఒకరి శ్రమకు దక్కవలసిన పేరు దక్కవలసిన వేళకే ఇవ్వాలి. ఆలస్యంగా ఇవ్వబోయిన గౌరవం మనకు పశ్చాత్తాపం అవుతుందే గాని, వాళ్లకు న్యాయం కాదు.