కుట్టడం మరిచిన పేజీలు

"అయ్యా, ఏ పుస్తకం ఎవరింటికి పంపాలో మీకెట్టా తెలుస్తది?" అని ఏడుకొండలు అడిగినప్పుడల్లా పున్నయ్య గారు ఇంత ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, "తెలియదురా" అనేవారు. పన్నెండేళ్ళుగా అదే జవాబు.

పున్నయ్య గారు నేతపేటలో పాత పుస్తకాలకి అట్టలు వేసి, చెదలు తిన్న చోట అతికించి, ఇంటింటికీ చదువుకోను పంపేవారు. ఏడుకొండలు ఆయన శిష్యుడు. పుస్తకం పట్టుకుపోయి గుమ్మంలో నిలబడి, "ఇది చదువమ్మా, బాగుంటది" అని ఒక్క మాట చెప్పి ఇచ్చి రావడం అతని పని. ఆ పేటలో ఒక కట్టడి ఉండేది. మనిషి పోయి ఏడాది తిరగని ఇంట్లో, శోకం ఉన్న అధ్యాయం తెరవకూడదు. ఎవరో ఒకామె అట్టా చదివి బావిలో దూకిందని చెప్పుకునేవాళ్ళు. చూసినవాళ్ళు ఎవరూ లేరు గానీ, భయం మాత్రం అందరికీ ఉంది. అందుకని అట్టాంటి ఇంటికి పుస్తకం పోయేముందు ఆ పేజీల అంచులు కలిపి, తెల్లదారంతో నాలుగు కుట్లు వేసేవాడు ఏడుకొండలు. తిరిగొచ్చాక విప్పేది మాత్రం పున్నయ్య గారే. ఇంకొకళ్ళని చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటా ఉంటే, ఏడుకొండలుకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. మూడు రోజుల కిందట నాంచారమ్మకి పుస్తకం ఇచ్చొచ్చాడు. ఆమె కొడుకు కార్తీక పున్నమి స్నానానికని సముద్రానికి పోయి, అలల్లో పోయాడు. పది నెలలైంది. ఆ పిల్లాడు సగం నేసిన చీర మగ్గం మీద అట్టాగే ఉంది. ఆమె దాన్ని కోయదు, నేయదు. కంట నీళ్ళు పెట్టిందీ లేదు. "ఏదన్నా పాతది ఇయ్యన్నా, నాలుగు రోజులు పట్టేది" అని అడిగితే, రాణి కథ ఇచ్చాడు. ఆ కథలో రాణి కొడుకు ఏరు దాటుతా మునిగిపోతాడు. ఆ అధ్యాయం కుట్టాలి. కుట్టలా.

చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాడు. నాంచారమ్మ తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. పక్కింటామె అరుగు మీద నూలు చిలపలు చుడతా, "పొద్దున్నే పోయింది. సంచిలో పుస్తకం పెట్టుకుని సముద్రం దారిన పోయింది" అంది.

సముద్రం దారిన. గురువుగారి దగ్గరికి పోయి, "అయ్యా, నేనొక మనిషిని చంపేశాను" అన్నాడు. పున్నయ్య గారు విషయమంతా విని, కండువా వేసుకుని అతని మోపెడ్ వెనక ఎక్కారు.

"నిదానంగా పోనీరా. నన్ను కూడా అటే పంపేట్టున్నావు."

ఏడుకొండలు నిదానించలా. దారి పొడుగునా కనపడిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటానే ఉన్నాడు. ఒడ్డుకి చేరేసరికి ఇసకలో చెప్పుల జత ఉంది, పక్కన సంచి ఉంది. మనిషి లేదు. సంచి తడిమితే పుస్తకం లేదు. నీళ్ళకేసి చూశాడు. చూడలేక తల తిప్పుకున్నాడు.

అప్పుడు, ఒడ్డుకి లాగిన పడవ అవతల నించి మాట వినపడింది. ఎవరో కూడబలుక్కుని చదువుతున్నారు. ఒక్కో మాటా వేలు పెట్టి, ఆగి, మళ్ళీ మొదలెట్టి. పడవ నీడలో నాంచారమ్మ, ముఖం సముద్రం వైపు పెట్టి కూర్చుని ఉంది. కొంగు తడిసి ముద్దయింది. అది సముద్రం నీళ్ళు కాదు.

ఏడుకొండలు ఇసకలో కూలబడిపోయాడు. "అమ్మా, ఇదేం పనమ్మా! పేట పేటంతా హడలి చస్తన్నాం."

"హడలడమెందుకన్నా? ఇంట్లో చదవకూడదంటారు గదా. అందుకని ఇక్కడికి తెచ్చుకున్నా." ఆమె ముక్కు చీదుకుంది. "ఆ రాణి ఏటిని ఎంత బాగా తిట్టింది! పది నెలల నించీ దీన్ని తిడదామంటే నాకు మాటలు రాలా. ఇంకో పేజీ ఉంది, ఉండు."

వాళ్ళిద్దరూ ఉన్నారు. ఆమె ఆ పేజీ కూడా సముద్రానికి చదివి వినిపించింది. పుస్తకం మూసి, కొంగుతో అట్ట తుడిచి, పున్నయ్య గారి చేతికిచ్చింది.

"అయ్యగారూ, చావు ఇళ్ళన్నిటికీ కుట్టి పంపుతారంట గదా. నాకెందుకు కుట్టలా?"

ఏడుకొండలు తల దించుకున్నాడు. "మర్చిపోయానమ్మా. నా తప్పే."

"పోన్లే అన్నా. నాకొక పని తప్పింది" అంది నాంచారమ్మ, చెప్పులేసుకుంటా.

ఆమెని పేటకి పోయే ఆటో ఎక్కించారు. తిరిగొచ్చేటప్పుడు ఏడుకొండలు దారంతా ఆ మాటే నమిలాడు. ఏ పని తప్పింది? ఇల్లు చేరాక ఆగలేక గురువుగారిని అడిగాడు. పున్నయ్య గారు జేబులోది కాకుండా, గూట్లో ఉన్న పాత ముక్కుపొడుం డబ్బీ తీసి అతని అరచేతిలో ఒంపారు. పొడుం కాదు. దారం ముక్కలు. ఎర్రవి, పచ్చవి, నల్లవి, ఒకటి జరీపోగు. పన్నెండేళ్ళుగా చావు ఇళ్ళ నించి తిరిగొచ్చిన పుస్తకాల్లోంచి ఆయన విప్పిన కుట్లు.

ఏడుకొండలు వాటిని వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు. మళ్ళీ చూశాడు. ఒక్కటి కూడా తెల్లది లేదు.

"నేను కుట్టేది తెల్లదారం గదయ్యా" అన్నాడు.

పున్నయ్య గారు డబ్బీ మూత వెతుక్కుంటా అన్నారు, "పాపం, మనం భయపడతామనిరా. విప్పి చదువుకుని, మళ్ళీ కుట్టి పంపుతారు."