తొట్టెకు తగిన చోటు

బొబ్బిలిలో వీణ నేర్పే శేషమాంబగారిని ఏదైనా అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. అది తెలిసి కూడా శిష్యుడు గౌరీపతి అడిగాడు. అడక్క చస్తాడా? ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక బడి అతనికి అప్పజెబుదామనుకున్నారు. తీరా పిల్లలేమో అతణ్ణి చూస్తే హడలిపోయి ఒక్కొక్కరే మానేస్తున్నారు. ఇలాగే సాగితే దసరాకి బడి మూసేయడమే.

"అమ్మా, గురువన్నవాడు ఎంత ఎత్తున కూర్చుంటే పిల్లలు మాట వింటారు?"

"ఆ పుదీనా చచ్చిపోతోంది. ముందు దాని సంగతి చూడు" అన్నారావిడ.

పాఠం చెప్పే గదిలో కుండీలోని పుదీనా నిజంగానే కొనప్రాణంతో ఉంది. మట్టి లేకుండా నీళ్లలోనే మొక్కలు పెంచుతానని ఊరంతా గొప్పలు చెప్పుకున్నవాడు గౌరీపతి. ఇప్పుడెలా తప్పించుకుంటాడు? ప్లాస్టిక్ గొట్టాలకు కన్నాలు పెట్టి, కన్నాల్లో చిన్న కప్పులు దించి, కొబ్బరిపీచులో పుదీనా కొమ్మలు నాటాడు. పైన లైటు కట్టాడు. ఎరువు కలిపిన నీళ్ల తొట్టెను మాత్రం, అన్నిటికీ పెట్టేది అదే గనక, గౌరవంగా పై అరలోకి ఎక్కించి, పసుపు రాసి బొట్టు పెట్టాడు. అక్కణ్ణుంచి నీళ్లు గొట్టాల్లోకి దిగి, కింద బుల్లి బకెట్లో పడతాయి. బకెట్లోని మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. నీళ్లు చూడముచ్చటగా తిరిగాయి. గౌరీపతి మీసం మెలేశాడు.

పాఠం మధ్యలో కరెంటు పోయింది. మోటారు ఆగింది గానీ పై తొట్టె ఆగలేదు. బకెట్ పొంగి, నీళ్లు చాప మీదికి, అక్కణ్ణుంచి శేషమాంబగారి అమ్మగారి నాటి వీణ వైపు పారాయి. పిల్లలు ఇద్దరిద్దరు కలిసి ఒక్కో వీణ ఎత్తి పట్టుకుని లేచారు. అరవాల్సిన ఆవిడ అరవలేదు.

"తిరిగొచ్చినవాటిని పట్టుకునే చోటు లేదు నాయనా" అన్నారంతే.

అతను ఆ పూటే అన్నీ విప్పేశాడు. పెద్ద తొట్టెను నేల మీద, అన్నిటికంటే కింద పెట్టి, మోటారును అందులోనే ముంచాడు. మోటారు పైకి తోసిన నీళ్లు తిరిగి తొట్టెలోకే దిగేలా గొట్టాలు వాలుగా కట్టాడు. ఈసారి తనే స్విచ్చి ఆపాడు. నీళ్లన్నీ గలగలా దిగి తొట్టెలో చేరాయి, చుక్క బయట పడలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అతని ముందు వాళ్లు నవ్వడం అదే మొదలు.

దసరా నాటికి గొట్టాలు కనబడనంతగా పుదీనా అల్లుకుంది. ఇంటింటికీ పచ్చడికి పంచినా తరగలేదు. మానేసిన పిల్లలు దాన్ని చూడ్డానికని వచ్చి పాఠానికి ఉండిపోయారు.

విజయదశమి రోజు గౌరీపతికి పూలు చుట్టిన కుర్చీ వేశారు. అతను దాన్ని పక్కకు జరిపి, పిల్లల ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. లిఖిత అనే పిల్ల వర్ణం మధ్యలో తప్పి, చెయ్యి ఆపేసి బిక్కమొహం వేసింది. పాత గౌరీపతైతే అతని అరుపుకి గది దద్దరిల్లేది.

"ఫర్వాలేదమ్మా, ఆ తప్పు నాకొదిలెయ్. ఇక్కణ్ణుంచి ఎత్తుకో" అని తన వీణ మీద మెల్లగా అందించాడు.

పిల్ల అందుకుంది. వెనకే గదిలో వీణలన్నీ అందుకున్నాయి. వీధిన పోయేవాళ్లు ఆగి విన్నారు. సంతోషం పట్టలేక గౌరీపతి కళ్లు తుడుచుకున్నాడు.

శేషమాంబగారు వణికే చేత్తో బడి తాళంచెవి అతని ముందు పెట్టారు.

"ఇక కరెంటు పోయినా భయం లేదు" అన్నారు.